వీల్‌చైర్‌తో, వాకర్‌తో, చంక కర్రలతో క్రిస్మస్: గుడి మెట్ల నుంచి ప్రేమ విందు దాకా

నవంబరు చివరి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, అమ్మకి తుంటి ఆపరేషనయింది, వాకర్‌తో నడుస్తోంది. ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకి తీసుకెళ్ళొచ్చా?" "మావాడు క్యారల్స్‌కి వస్తానని ఒకటే గొడవ. వీల్‌చైర్‌తో ఎలా తిప్పేది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేసరికి పండగ అయిపోతోంది. అందుకని ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్ (కాలు నిలబడడానికి బిగించే చట్రం), రెండు చంక కర్రలు. భుజాలు అరిగిపోయాక ఐదారేళ్ళుగా దూరాలకి వీల్‌చైర్ వాడుతున్నాను. మాది కాలవగట్టు ఊరు, మా గుడికి (చర్చికి) మూడు మెట్లు. చాలా ఏళ్ళు నన్ను క్రిస్మస్‌కి మోసుకెళ్ళారు, ఇప్పుడు నేనే వెళ్తున్నాను. ఈ మధ్యలో మెట్లేమీ తగ్గలేదు, నేను అడిగే తేదీ మారింది. ఇరవై నాలుగు సాయంత్రం అడిగితే నలుగురు కుర్రాళ్ళు వచ్చి ఎత్తుతారు. పదో తారీఖున అడిగితే వేరే దారి ఏర్పాటు చేస్తారు.

కావలసినవి

- కొలత టేపు
- కర్రలకీ, వాకర్‌కీ అడుగున వేసే రబ్బరు బుష్షులు, ఒక సెట్టు అదనంగా. పాతది ఒకటి ఊడదీసి మెడికల్ షాపుకి పట్టుకెళ్ళి సరిపోల్చి కొనండి
- గాలి టైర్ల వీల్‌చైర్ అయితే సైకిల్ పంపు, చిన్న స్పానరు
- కూర్చునే మెత్త
- పాత తువ్వాలు ఒకటి
- రేడియం టేపు, చిన్న టార్చి
- వేసుకునే మందులు, మంచినీళ్ళ సీసా
- రాత్రి ఆరాధనకి బ్యాటరీ కొవ్వొత్తి

1. ముందు మీ బండి సంగతి చూసుకోండి

డిసెంబరు మొదటి వారంలోనే చెయ్యండి. వీల్‌చైర్‌ని కొంచెం వాలుగా ఉన్న చోట పెట్టి, బ్రేకులు వేసి, వెనక నుంచి నెట్టండి. చక్రం తిరిగితే బ్రేకు పట్టడం లేదన్నమాట. చాలాసార్లు లోపం బ్రేకుది కాదు, టైర్లో గాలి తగ్గి ఉంటుంది. గాలి కొట్టి మళ్ళీ చూడండి. ముందున్న చిన్న చక్రాల ఇరుసుల్లో వెంట్రుకలూ దారాలూ చుట్టుకుని ఉంటాయి, కత్తెరతో తీసెయ్యండి.

కర్రలకీ వాకర్‌కీ బుష్షులు తిప్పి చూడండి. అడుగున గీతలు అరిగి నున్నగా ఉన్నా, ఒక పక్కే అరిగినా మార్చాల్సిందే. డిసెంబరు తెల్లవారుజామున మంచు పడి గుడి ముందు గ్రానైట్ తడిసి ఉంటుంది. అరిగిన బుష్షు దానిమీద సబ్బులా జారుతుంది.

ఎత్తు కూడా సరి చూసుకోండి. పండగ చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే, వాకర్ పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పిడి పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగాలి. చంక కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. బరువు ఎప్పుడూ అరచేతుల మీదే. చంక మీద వాలి అరగంట పాట పాడితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అక్కడుండే నరం నలుగుతుంది. చేతికర్ర ఒక్కటే వాడేవాళ్ళు నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది తప్పు చేత్తోనే పట్టుకుంటారు, అందులో మా పెద్దమ్మ ఒకరు. చెప్పినా వినదు.

2. ఖాళీ రోజున గుడికి వెళ్ళి చూసి రండి

ఆదివారం జనంలో ఏదీ తెలియదు. మామూలు రోజు సాయంత్రం టేపు పట్టుకుని వెళ్ళండి. కొలవాల్సినవి మూడు: మెట్టు ఎత్తు, తలుపు వెడల్పు, బాత్రూమ్ తలుపు వెడల్పు. మీ వీల్‌చైర్ వెడల్పు ఇంట్లోనే కొలిచి పెట్టుకోండి, చక్రాల బయటి రింగుల దగ్గర కొలవాలి. మామూలు మడత కుర్చీ రెండడుగులకి అటూ ఇటూగా ఉంటుంది. తలుపు దానికంటే కనీసం మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ లేకపోతే వేళ్ళు నలుగుతాయి.

ముందు తలుపు ఒక్కటే చూసి వెనక్కి రాకండి. చాలా గుళ్ళకి అయ్యగారు (పాస్టరు) వచ్చే పక్క తలుపు ఉంటుంది, దానికి తరచు ఒక్క మెట్టే. ముప్పై ఏళ్ళపాటు ముందువైపు మెట్ల మీద ఊగుతూ ఎక్కినవాణ్ణి, మా గుడి పక్క తలుపుకి అసలు మెట్టే లేదని మొన్న మొన్నే కనుక్కున్నాను. అక్కడ షామియానా కుర్చీల దొంతర ఉండేది, తలుపు కనపడేది కాదు.

3. పెద్దల్ని అడగండి, చిన్నవి అడగండి

"మాలాంటి వాళ్ళకి సౌకర్యాలు కల్పించాలి" అంటే అందరూ తల ఊపుతారు, ఎవరూ ఏమీ చెయ్యరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తీసి చదివినా అంతే. చట్టం ఉంది, మన పక్షానే ఉంది, కానీ మొదటి మాటగా అది పని చెయ్యదు. ఇలా అడిగి చూడండి:

"అయ్యగారూ, ఇరవై నాలుగు రాత్రి నేను వస్తున్నాను. పక్క తలుపు తాళం తీయించండి. మూడో వరసలో చివరి రెండు కుర్చీలు తీసేస్తే నా బండి పడుతుంది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) నా దగ్గరికే తెచ్చి ఇవ్వండి."

మూడు పనులు, మూడూ ఐదు నిమిషాలవి. ఎవరు చేస్తారో ఆ మనిషి పేరు కూడా అక్కడే అడిగి ఫోన్ నంబరు తీసుకోండి. తాళం చెవి ఉన్న మనిషి పండక్కి అత్తారింటికి వెళ్ళిపోతే మీరు బయటే ఉండిపోతారు.

కాలిపర్ వాళ్ళకి ఇంకో మాట. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళే గుళ్ళున్నాయి. కాలిపర్‌కి బిగించిన బూటు విప్పితే మనం నిలబడలేం. ముందే చెప్పి, గుమ్మం దగ్గర పాత తువ్వాలు మీద బూటు అడుగు, కర్రల బుష్షులు తుడుచుకుని వెళ్ళండి. తుడుస్తుంటే అందరూ చూస్తారు, ఆ తర్వాత ఎవరూ నోరెత్తరు.

4. చెక్క ర్యాంపు వేసే పద్ధతి

సరైన వాలుకి లెక్క ఇది: ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు. పన్నెండు అంగుళాలు, అంటే రెండు మెట్లు ఉంటే పన్నెండు అడుగులు కావాలి. ప్లైవుడ్ షీటు పొడవు ఎనిమిది అడుగులే. కాబట్టి ఒక మెట్టుకి ఒక షీటు హాయిగా సరిపోతుంది. రెండు మెట్లకి అదే షీటు వేస్తే వాలు బాగా ఎక్కువవుతుంది. వెనక బలమైన మనిషి నెడితేనే ఎక్కాలి, సొంతంగా తోసుకుని ఎక్కే ప్రయత్నం చెయ్యొద్దు, వాకర్‌తో అసలే వద్దు. మూడు మెట్లకి ఈ ఆలోచన మానెయ్యండి.

పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని మూడడుగుల వెడల్పున కోయించండి. కింద అడుగుకొకటి చొప్పున అడ్డకర్రలు కొట్టించండి, లేకపోతే మధ్యలో వంగుతుంది. రెండు అంచులకీ రెండంగుళాల పట్టీ పెట్టిస్తే చక్రం పక్కకి దిగదు. పైన ఇసుక చల్లిన పెయింటు వేస్తే జారదు. కింది చివర రెండు వైపులా ఇటుకలు ఆనించండి, చెక్క వెనక్కి తన్నకుండా ఉంటుంది.

ఎలా సరి చూడాలంటే, ముందు ఖాళీ కుర్చీ ఎక్కించండి. తర్వాత సండే స్కూలు పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఎక్కించండి, వాడికీ సరదా. చెక్క కదలకుండా, వంగకుండా ఉంటేనే మీరు ఎక్కండి.

మామూలుగా చేసే పొరపాటు రెండు విడి పలకలు చక్రానికొకటి చొప్పున వెయ్యడం. బైకు ఎక్కించినట్టుంటుంది. ముందు చిన్న చక్రాలు పలక దాటాయంటే కుర్చీ ముందుకి బోర్లా పడుతుంది. ఇంకో పొరపాటు ర్యాంపు మీద పండగని కార్పెట్ పరచడం. కార్పెట్ జరిగితే దాంతోపాటు మీరూ జరుగుతారు.

ఎక్కేటప్పుడు ముఖం పైకి. దిగేటప్పుడు నెట్టే మనిషి ముందు దిగుతూ కుర్చీని వెనక్కి దింపాలి. ముందుకి దింపితే వాలుకి మనిషి జారి కింద పడతాడు.

5. మెట్లే గతి అయితే

కర్రలతో, చేతికర్రతో ఎక్కేవాళ్ళు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, తర్వాత నొప్పి కాలు, కర్ర. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు, మంచి కాలు తర్వాత. పైకి మంచిది, కిందికి చెడ్డది అని గుర్తు పెట్టుకోండి. వాకర్‌తో మెట్లు ఎక్కొద్దు. ఒకరు వాకర్ పైకి తీసుకెళ్ళాలి, మీరు రెయిలింగు ఒక చేత్తో, మనిషిని ఒక చేత్తో పట్టుకుని ఎక్కాలి.

వీల్‌చైర్‌ని ఎత్తాల్సి వస్తే ఇద్దరు చాలు, నలుగురు వద్దు. నలుగురైతే నలుగురూ తలోవైపు లాగుతారు. కుర్చీ వీపు మెట్ల వైపు తిప్పండి. వెనక మనిషి పిడులు పట్టి కుర్చీని వెనక్కి వాల్చి ఒక్కో మెట్టూ లాగాలి, ముందు మనిషి ఫ్రేము పట్టుకుని తొయ్యాలి. పెద్ద చక్రం మెట్టు మీద దొర్లుతూ ఎక్కుతుంది, అసలు ఎత్తక్కర్లేదు. దిగేటప్పుడు ముఖం బయటికి, కుర్చీ వెనక్కి వాలే ఉండాలి.

ముందు మనిషి చేతుల పట్టీలు, కాళ్ళ పలకలు పట్టుకోకూడదు. అవి ఊడొచ్చే రకం కుర్చీలే ఎక్కువ. ఒక క్రిస్మస్‌కి నా కుర్చీ చేతిపట్టీ మా తమ్ముడి చేతిలో మిగిలింది, నేను పక్కనున్న పూలకుండీలో పడ్డాను. నవ్వుకున్నాం గానీ, రెండో మెట్టు కాబట్టి నవ్వుకున్నాం.

బ్యాటరీ కుర్చీని మెట్లెక్కించే ఆలోచనే పెట్టుకోకండి, బరువు తట్టుకోలేరు. పండక్కి మడత కుర్చీ అద్దెకి తీసుకోండి. పట్నాల్లో సర్జికల్ షాపుల్లో రోజు లెక్కన ఇస్తారు.

6. లోపల: చోటు, కొవ్వొత్తులు

మొట్టమొదటి వరసలో, అందరికీ కనిపించేలా కూర్చోబెట్టాలని చూస్తారు. మీకిష్టమైతే సరే. నాకు మాత్రం మా వాళ్ళ పక్కన, వరస చివర కావాలి. నడవలో పెడితే కానుకల సంచీ తిప్పేవాళ్ళందరూ మిమ్మల్ని దాటుకుంటూ పోతారు. కింద కూర్చునే గుళ్ళలో వాకర్ పెద్దవాళ్ళకి గోడ పక్కన చేతులున్న కుర్చీ వేయించండి. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి తుంటి ఆపరేషను అయినవాళ్ళు లేవలేరు. కుర్చీ సీటు మోకాలి కంటే కిందికి ఉండకూడదు.

జంపఖానాల అంచులూ, మైకు సెట్టు వైర్లూ కాళ్ళకి అడ్డం పడేవి. మైకు కుర్రాణ్ణి వైరు గోడవారగా వెయ్యమనండి. తప్పక దారి దాటాల్సి వస్తే దానిమీద టేపు అంటించమనండి.

వీల్‌చైర్‌లో గంటల తరబడి కూర్చునేవాళ్ళు, ముఖ్యంగా నడుం కింద స్పర్శ లేనివాళ్ళు, పావుగంటకో అరగంటకో ఒకసారి చేతులతో ఒళ్ళు పైకి లేపండి, లేదా ముందుకి వంగి బరువు మార్చండి. ఒక్కో పాట మొదలైనప్పుడల్లా చేస్తే మర్చిపోరు. మెత్త లేకుండా రెండు గంటల ఆరాధనకి కూర్చుంటే తొడల వెనక పుండు పడే ప్రమాదం ఉంది.

కొవ్వొత్తుల ఆరాధనలో మైనం ఒళ్ళో కారినా స్పర్శ లేనివాళ్ళకి తెలియదు. ఇంటికెళ్ళి చూసుకుంటే బొబ్బ. కర్రలవాళ్ళకి చేతులే ఖాళీ ఉండవు. అందుకే బ్యాటరీ కొవ్వొత్తి. దాన్ని కుర్చీ చేతిపట్టీకో వాకర్ కడ్డీకో రబ్బరు బ్యాండుతో కట్టుకోవచ్చు.

7. బాత్రూమ్

దీని గురించి ఎవరూ అడగరు, అందరికీ ఉన్న ఇబ్బంది మాత్రం ఇదే. పొద్దున్నించీ నీళ్ళు మానేసి వెళ్ళడం అందరూ చేసే తప్పు. క్యాథెటర్ (మూత్రం పోయే గొట్టం) ఉన్నవాళ్ళకి అయితే మరీ ప్రమాదం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. నీళ్ళు తాగండి, దారి ముందే వెతుక్కోండి. గుడి పక్కన కమోడ్ ఉన్న సంఘస్థుల ఇల్లు ఏదో కనుక్కుని వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి. అది కుదరకపోతే ఆరాధన మధ్యలో ఇంటికెళ్ళి రావడానికి ఆటో మాట్లాడుకోండి. మగవాళ్ళకి బాటిల్, పెద్దవాళ్ళకి డైపరు కూడా దారే. అందులో నామోషీ ఏం లేదు, రెండు గంటలు పాటలు మనసుపెట్టి పాడుకోవచ్చు.

8. క్యారల్స్ రౌండ్లు

రాత్రి పదింటికి బయల్దేరి తెల్లారేదాకా క్రిస్మస్ పాటలు పాడుతూ సందులన్నీ తిరిగే గుంపుతో అంతా తిరగాలని పెట్టుకోకండి. దారి లిస్టు ముందే అడిగి, సిమెంటు రోడ్డున్న వీధులు మూడు ఎంచుకోండి, అక్కడ కలవండి. పక్క చక్రాల స్కూటరు ఉంటే ఇంకా మంచిది. కుర్చీ వెనక, కర్రల మీద రేడియం టేపు అంటించండి. డప్పు వాయించేవాళ్ళ వెనక కాకుండా ముందు ఉండండి, నడక వేగం మీరే నిర్ణయిస్తారు.

రాలేకపోతే గుంపునే మీ ఇంటికి పిలవండి. ఆఖరి ఇల్లు మీదే అయితే టీ, కజ్జికాయలు మీ వంతు. పిల్లాడికి వీల్‌చైర్ అయితే క్రిస్మస్ తాత వేషం వాడికే ఇప్పించండి. ఎర్ర గుడ్డ, దూది గడ్డం, బహుమతుల సంచీ, బండి ఎలాగూ ఉంది. సీరియల్ లైట్లు వీపు పట్టీకే చుట్టాలి, చక్రాల దగ్గరికి రానివ్వొద్దు. అన్నట్టు చీర కొంగులు, చున్నీలు, శాలువాల సంగతీ అంతే. ఒళ్ళోకి మడిచి పిన్ను పెట్టుకోండి.

9. ఇంట్లో పిండివంటలు, అలంకరణ

స్టార్ కట్టడానికి స్టూలెక్కకండి, అది పిల్లల పని. చెట్టుని నేలమీద కాకుండా బల్లమీద పెడితే కూర్చునే అలంకరించొచ్చు, దారికీ అడ్డం ఉండదు. గదిలో మూడడుగుల దారి వదలండి.

కజ్జికాయలు ఒత్తడం, అరిసెల పిండి ఉండలు చెయ్యడం కూర్చుని చేసే పనులే. నూనె మూకుడు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం బ్రేకులు వేసుకుని, పొయ్యికి పక్కగా ఉండాలి. వేడి గిన్నె ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళకండి, పళ్ళెం కింద ఉన్నా సరే.

ఇంకొకటి. కుర్చీ వెనక పిడులకి కేకు పెట్టెలు, బట్టల సంచులు తగిలించడం అందరికీ అలవాటు. మీరు లేచారంటే ముందు బరువు పోయి కుర్చీ వెనక్కి పడుతుంది. సంచీ సీటు కిందో ఒళ్ళోనో పెట్టుకోండి. లేచేముందు బ్రేకులు వెయ్యండి, కాళ్ళ పలకలు పైకి మడవండి. పలక మీద నిలబడి లేస్తే కుర్చీ ముందుకి తిరగబడుతుంది.

10. ఊరి ప్రయాణం, మెదక్

రైల్లో వెళ్ళేవాళ్ళు అరవై రోజుల ముందు టికెట్లు తెరుస్తారని గుర్తుంచుకోండి. డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు 24న. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్ళకి స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవాళ్ళకీ అంతే. రైల్వే ఇచ్చే దివ్యాంగ కార్డు ముందే తీయించుకుని ఉండాలి.

మెదక్ చర్చికి వెళ్ళాలని చాలామంది అడుగుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన గుడి కాబట్టి క్రిస్మస్ రోజు అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. కుర్చీతో ఆ రోజు వద్దు. పండక్కి ముందు వారంలో, మామూలు రోజు పగలు వెళ్ళండి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపించే రంగు గాజు కిటికీలు ఎండ ఉంటేనే వెలుగుతాయి. వాటిని చూడాలంటే రాత్రి ఆరాధన కంటే ఆ పూటే మేలు.

11. తలమీద చెయ్యేసేవాళ్ళు

ఇది సరంజామాలోకి రాదు గానీ చెప్పాలి. ప్రేమ విందు (గుడిలో అందరూ కలిసి తినే భోజనం) పంక్తిలో ఉండగా ఎవరో ఒకరు వచ్చి "లేచి నడుస్తావు తల్లీ" అని గట్టిగా ప్రార్థన మొదలుపెడతారు. మనసు మంచిదే. కానీ బిర్యానీ చల్లారిపోతుంది. నేను అనేది ఇది: "నా భుజం నొప్పి గురించి ప్రార్థన చెయ్యండి బాబాయ్. కుర్చీ మీద మాత్రం చెయ్యెయ్యకండి, బ్రేకు వెయ్యలేదు." నవ్వేసి వెళ్ళిపోతారు. మీవాళ్ళ తరఫున మీరు మాట్లాడబోతుంటే ఆగండి. వాళ్ళకి కావాలేమో, వద్దేమో, వాళ్ళనే అడగండి.

12. ఇరవై ఆరున చేసే పని

అన్నీ సరిగ్గా జరిగాయో లేదో ఒళ్ళే చెబుతుంది. తొడల వెనక, పిరుదుల మీద, మడమల మీద ఎర్ర మచ్చలున్నాయేమో అద్దం పెట్టి చూసుకోండి. నొక్కినా తెల్లబడని ఎరుపు ఉంటే ఆ చోట బరువు పడకుండా పడుకోండి, రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. అరచేతుల్లో బొబ్బలుంటే పిడి తొడుగులు మార్చండి. ముందు చక్రాల్లో మెరుపు కాగితాలు చుట్టుకుని ఉంటాయి, తప్పకుండా ఉంటాయి, తీసెయ్యండి.

తర్వాత గుడికి ఒక ఫోను చెయ్యండి. షామియానా వాళ్ళు సామానంతా లారీలో ఎక్కించేటప్పుడు మీ చెక్కని కూడా వాళ్ళదే అనుకుని పట్టుకుపోతారు. ముప్పై ఒకటి రాత్రి ఆరాధనకి అది మళ్ళీ కావాలి.